డ్రైవ్‌వేకి స్నో బ్లోయర్ (మంచు ఎత్తి విసిరే మెషీన్): పెట్రోల్‌దా, బ్యాటరీదా, అసలు కొనాలా? బఫెలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ఏటిగట్టు (ఆమ్‌హర్స్ట్, బఫెలో ఉత్తర శివారు)

అందరికీ నమస్కారం. ఇల్లు కొనుక్కుని జులైలో డాలస్ నుంచి ఇక్కడికి వచ్చాం. స్నోలో మాకు ఇదే మొదటి ఏడాది. రెండు కార్ల గరాజ్, డ్రైవ్‌వే 60 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. మా ఆయన సోమవారం పొద్దున ఊరెళ్తే గురువారం రాత్రికి వస్తారు. నేను బాబుని డేకేర్‌లో దింపి ఎనిమిదికల్లా ఆఫీసులో ఉండాలి. రాజమండ్రి నుంచి అమ్మానాన్న వచ్చారు, ఏప్రిల్ దాకా ఉంటారు.

మొన్న మంగళవారం రాత్రి 14 అంగుళాలు పడింది. పొద్దున లేచి చూస్తే నాన్న ఇంట్లో లేరు. గరాజ్ తలుపు తెరిచి ఉంది. మా ఆయన జాకెట్ వేసుకుని, పార పక్కన పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని ఆయాసపడుతున్నారు. ఆయనకి 67 ఏళ్లు, బీపీకి మాత్రలు వాడతారు. "నీకు ఆఫీసుకి లేటవుతుంది కదమ్మా, కొంచెం తీసి పెడదామని" అన్నారు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి రాత్రి కిటికీలో మంచు కనిపిస్తే చాలు, నాకు టెన్షన్ మొదలవుతోంది. రెండుసార్లు లేచి గరాజ్ తలుపు చూసి వస్తున్నాను.

ఇంట్లో ఇప్పుడు మూడు మాటలు నడుస్తున్నాయి. మా ఆయన ట్రక్‌తో మంచు తోసేవాళ్లకి ప్లౌ కాంట్రాక్టు ఇచ్చేద్దాం అంటారు. బోస్టన్ దగ్గరున్న తమ్ముడు బ్యాటరీది కొనమంటాడు. పక్కింటి పెద్దాయనేమో ఇక్కడ టూ స్టేజ్ పెట్రోల్ మెషీన్ తప్ప ఇంకేదీ నిలబడదని గట్టిగా చెప్పారు. వారంలో నాలుగు రోజులు నడపాల్సింది నేనే. ఇలాంటి మెషీన్ ఇంతవరకు ముట్టుకోలేదు. ఏం చేయమంటారు?

—

ఎరీ_ఒడ్డు (హాంబర్గ్, బఫెలో దక్షిణ శివారు)

మీ పక్కింటాయన మాటే నా మాట. 2009 నుంచి ఇక్కడే ఉంటున్నాను.

ముందు ఇక్కడి మంచు సంగతి తెలియాలి. నైరుతి గాలి ఎరీ సరస్సు పొడవునా వీస్తూ నీళ్ల మీది తేమనంతా ఎత్తుకొచ్చి ఒడ్డున కుమ్మరిస్తుంది. అది ఊరంతా సమానంగా పడదు, సన్నటి పట్టీలా పడుతుంది. పట్టీ కింద ఉన్న ఊళ్లో నడుం లోతు మంచు ఉంటే, పది మైళ్ల అవతల గడ్డి కనిపిస్తూ ఉంటుంది. 2022 నవంబరులో మా పక్కన ఆర్చర్డ్ పార్క్‌లో ఆరున్నర అడుగులు పడింది, మీ ఉత్తరం వైపు చాలా తక్కువ. నెల కాస్త దాటగానే క్రిస్మస్ బ్లిజార్డ్ (మంచు తుఫాను) వచ్చింది. అప్పుడు ఎయిర్‌పోర్టు దగ్గర నాలుగు అడుగులు దాటింది, మీ వైపు వాళ్లూ నలిగిపోయారు. కాబట్టి ఉత్తరాన ఉన్నాం, మాకు ఫరవాలేదు అనుకోకండి.

సింగిల్ స్టేజ్ మెషీన్‌లో ముందు తిరిగే రబ్బరు రెక్కలే మంచుని నేల మీద నుంచి గీరి, అవే బయటికి విసిరేస్తాయి. ఆరేడు అంగుళాల పొడి మంచుకి బాగుంటుంది. టూ స్టేజ్‌లో పని రెండు ముక్కలు. ముందున్న ఆగర్ అనే ఇనుప మర మంచుని కొరికి మధ్యకి లాగుతుంది, దాని వెనక వేగంగా తిరిగే ఇంపెల్లర్ అనే ఫ్యాన్ ఆ మంచుని పైన ఉన్న చ్యూట్ అనే గొట్టంలోంచి ముప్పై నలభై అడుగుల దూరం విసురుతుంది. చక్రాలకి కూడా ఇంజన్ బలమే, మనం తోయక్కర్లేదు.

ఇదంతా ఎందుకంటే, మీ అసలు శత్రువు డ్రైవ్‌వే మీది మంచు కాదు. డ్రైవ్‌వే చివర, రోడ్డు అంచున ఉండేది. టౌన్ ప్లౌ ట్రక్ రోడ్డు మంచంతా తోసుకుంటూ వచ్చి మీ డ్రైవ్‌వే మూతికి అడ్డంగా గట్టు కట్టి పోతుంది. అందులో ఉప్పు కలిసిన బురద, ఐసు గడ్డలు ఉంటాయి. గంట గడిస్తే సిమెంటులా బిగుసుకుంటుంది. రబ్బరు రెక్కల మెషీన్ దాని మీదికెక్కి ఎగురుతుంది తప్ప లోపలికి దిగదు. 24 అంగుళాల వెడల్పున్న టూ స్టేజ్ తీసుకోండి, మీకు చాలు. 30 అంగుళాల జోలికి పోవద్దు, మలుపు తిప్పడానికి మీరు కష్టపడతారు.

—

మూడో_గేరు (నోవై, మిషిగన్)

ఎరీ_ఒడ్డు అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఇందులో ఒప్పుకోలేను. ఆవిడ మెషీన్ ఎప్పుడూ ముట్టుకోలేదని చెబుతుంటే నేరుగా పెట్రోల్ ఇంజన్ చేతికిస్తారా?

ఆరేళ్లు పెట్రోల్ మెషీన్ నడిపాను. ఏడాదిలో ఎనిమిది నెలలు అది మూల పడి ఉంటుంది. ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీలుస్తుంది. ఏప్రిల్‌లో ట్యాంకులో మిగిలిన పెట్రోల్ డిసెంబరుకల్లా కార్బురేటర్‌లో జిగురై కూర్చుంటుంది. మొదటి పెద్ద మంచు రోజున తాడు లాగి లాగి భుజం పోతుంది. రిపేరు షాపుకి తీసుకెళ్తే మూడు వారాల క్యూ. మా షాపతను "ఈ సీజన్‌లో వచ్చేవాటిలో సగం ఇదే జబ్బు" అన్నాడు.

మూడేళ్ల కింద బ్యాటరీకి మారాను. బటన్ నొక్కితే తిరుగుతుంది. పొగ లేదు, వాసన లేదు, పొద్దున ఐదున్నరకి తీసినా పక్కింటి వాళ్ల నిద్ర చెడదు. ఇప్పుడు బ్యాటరీలో కూడా టూ స్టేజ్ మెషీన్లు వచ్చాయి, ఈగో వాళ్లవి, టోరో వాళ్లవి చూడండి. ఒక్క జాగ్రత్త చాలు. బ్యాటరీలని గరాజ్‌లో వదలకుండా ఇంట్లో పెట్టుకోవాలి. చలికి లిథియం బ్యాటరీ శక్తి తగ్గిపోతుంది, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెడితే పాడవుతుంది కూడా.

—

ఎరీ_ఒడ్డు

తమ్ముడూ, నోవై వేరు, బఫెలో వేరు. మీ డెట్రాయిట్ వైపు సీజన్ మొత్తానికి సగటున 45 అంగుళాలు, మాకు 95. మీ ఏడాది మంచు మాకు ఒక్క వారంలో పడిన రోజులున్నాయి. బరువైన తడి మంచులో బ్యాటరీ పెట్టె మీద రాసినంత సేపు రాదు. డ్రైవ్‌వే సగంలో ఉండగా బ్యాటరీ అయిపోతే ఆఫీసుకి వెళ్లాల్సిన మనిషి గంటసేపు ఛార్జింగ్ కోసం కూర్చుంటుందా?

కార్బురేటర్ సమస్యకి మందు చాలా చిన్నది. పెట్రోల్ కొన్న రోజే అది చెడకుండా ఆపే స్టెబిలైజర్ కలపండి. ఏప్రిల్‌లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగిపోయేదాకా నడపండి. నా మెషీన్‌కి పదకొండో ఏడు, కార్బురేటర్ ఒక్కసారి కూడా విప్పలేదు.

—

ఆదివారం_పెసరట్టు (రాచెస్టర్)

నేను మీ ఆయన పక్షం. మా వీధిలో సీజన్‌కి 500 డాలర్లు ఇస్తే మూడు అంగుళాలు దాటినప్పుడల్లా వచ్చి తోసి పోతారు. మంచి టూ స్టేజ్ మెషీన్ వెయ్యి డాలర్ల పైనే. దాన్ని పెట్టడానికి గరాజ్‌లో చోటు, ఏటా ఆయిల్, స్పార్క్ ప్లగ్ అదనం. ఇంట్లో మగమనిషి నాలుగు రోజులు ఉండరు, పెద్దాయనకి బీపీ, చిన్న పిల్లాడు. అలాంటి ఇంటికి ఇంకో బరువు ఎందుకు?

—

పల్నాటి_మిరప (మినియాపొలిస్)

అందరూ ఏ మెషీన్ అనే మాట్లాడుతున్నారు. నేను వేరే సంగతి చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

2019 ఫిబ్రవరి. మినియాపొలిస్‌లో ఆ నెల 39 అంగుళాలు పడింది, ఫిబ్రవరి నెలల్లో అదే రికార్డు. వారానికి మూడుసార్లు మెషీన్ తీస్తున్నాను. ఆ రోజు మంచు తడిగా, ముద్దగా ఉంది. రోడ్డు అంచున గట్టు కొడుతుంటే చ్యూట్ మూసుకుపోయింది. నేను తెలివితక్కువవాణ్ణి కాదు, మెకానికల్ ఇంజనీరుని. ఇంజన్ ఆపాను. తాళంచెవి బయటికి తీశాను. అంతా ఆగిందని కళ్లతో చూశాను. అప్పుడు గ్లవ్ వేసుకున్న చేతిని చ్యూట్‌లో పెట్టి గడ్డని లాగాను.

గడ్డ ఊడింది. ఊడిన క్షణమే ఇంపెల్లర్ పావు వంతు తిరిగింది. ఇంజన్ ఆగే ఉంది. మంచు అడ్డుపడి ఆగర్, ఇంపెల్లర్ బిగుసుకున్నప్పుడు బెల్టులో లాగుడు అలాగే నిలిచి ఉంటుంది, లాగి పట్టుకున్న రబ్బరు బ్యాండులాగా. అడ్డు తీసిందే నా చెయ్యి, దెబ్బ తిన్నదీ అదే. కుడిచేతి మధ్యవేలు మొదటి కణుపు దాకా పోయింది. ఉంగరపు వేలుకి మూడు ఆపరేషన్లు జరిగాయి, ఇప్పటికీ పూర్తిగా వంగదు. అన్నం కలుపుకోవడం ఎడమచేత్తో నేర్చుకున్నాను. ఆ రోజు నాకు కుట్లు వేసిన సర్జన్, పెద్ద మంచు పడ్డ ప్రతిసారీ ఇలాంటి చేతులు వస్తూనే ఉంటాయనీ, ఇంజన్ ఆపే చేయి పెట్టామని చాలామంది చెబుతారనీ అన్నారు.

అందుకని అమ్మా, ఏ కంపెనీది కొన్నా, ఎంతది కొన్నా, చ్యూట్ మూసుకున్నప్పుడు ఈ పని చెయ్యండి. లివర్లు రెండూ వదలండి. ఇంజన్ ఆపండి. తాళం తీసి జేబులో వేసుకోండి. కొన్ని క్షణాలు ఆగండి. తర్వాత కట్టెతో పొడవండి. కొత్త మెషీన్ల మీద ప్లాస్టిక్ కట్టె ఒకటి బిగించి ఉంటుంది, అది ఇందుకే. అది పోతే చీపురు కర్ర పెట్టుకోండి. చేయి మాత్రం వద్దు. గ్లవ్ ఉన్నా వద్దు, ఆగిపోయినా వద్దు, లేటవుతున్నా వద్దు.

—

మూడో_గేరు

అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నిజం చెప్పాలంటే నేనూ రెండుసార్లు చేయి పెట్టాను. ఇంక పెట్టను.

—

ఏటిగట్టు

పల్నాటి అన్నయ్యా, రాసినందుకు చాలా థాంక్స్. మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. ఒక సందేహం. బ్యాటరీ తీసేస్తే ఇక ఏ శక్తీ ఉండదు కదా, ఈ విషయంలో బ్యాటరీ మెషీన్ నయమా?

—

పల్నాటి_మిరప

పొరపాటున స్టార్టయ్యే భయం పోతుంది, అంతవరకు నయమే. కానీ అందులోనూ బెల్టో గేర్లో ఉండొచ్చు, బిగుసుకున్న రెక్క గడ్డ ఊడగానే కదలొచ్చు. బ్యాటరీ తీసినా కట్టెతోనే పొడవాలి అనుకోండి, దానికి మినహాయింపు లేదు. బ్యాటరీ మెషీన్‌తో నాకున్న భయం ఇంకొకటి. చప్పుడు లేకపోయేసరికి మనిషికి జాగ్రత్త తగ్గుతుంది, పిల్లలు దగ్గరికొస్తారు. పెట్రోల్ ఇంజన్ మోత వినగానే మా అమ్మాయి తనంతట తనే లోపలికి పోయేది.

—

తెల్లకోటు (క్లీవ్‌లాండ్)

గుండె జబ్బుల వార్డులో నర్సుని. చేతి గురించి అన్నయ్య చెప్పారు, నేను నాన్నగారి గురించి చెబుతాను.

ఏటిగట్టు గారి లెక్క వేసి చూశాను. డ్రైవ్‌వే దాదాపు 100 చదరపు మీటర్లు. 14 అంగుళాలంటే 35 సెంటీమీటర్లు. అంటే 35 ఘనపు మీటర్ల మంచు. కొత్తగా పడ్డ తేలికపాటి మంచుని ఘనపు మీటరుకి 100 కిలోలు అనుకున్నా మూడున్నర టన్నులు. తడి మంచైతే రెట్టింపు దాటుతుంది. ఆ 67 ఏళ్ల మనిషి పొద్దున్నే ఏమీ తినకుండా, చలికి అలవాటు లేని ఒంటితో ఎత్తడానికి దిగింది అంత బరువుని.

చలి గాలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. చేతులతో బరువెత్తేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం, అది ఇంకా పెంచుతుంది. పైగా గుండె జబ్బు మన దక్షిణాసియా వాళ్లకి చిన్న వయసులోనే వస్తుంది. మంచు పడ్డ మర్నాడు మా వార్డు ఎలా ఉంటుందో చూసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మెషీన్ ఉంటే గుండెకి ఫరవాలేదు అనుకుంటారు, అదీ పూర్తిగా నిజం కాదు. పారతో పోలిస్తే భారం తక్కువే, కానీ లేకుండా పోదు. 2022 నవంబరు మంచులో ఎరీ కౌంటీ మొదట ప్రకటించిన రెండు మరణాలు, పారతోనో స్నో బ్లోయర్‌తోనో మంచు తీసే శ్రమలో గుండె ఆగి పోయినవాళ్లవే. కాబట్టి నాన్నగారికి పారా వద్దు, మెషీనూ వద్దు. సందర్శకుల ఇన్సూరెన్సుల్లో ముందునుంచి ఉన్న జబ్బులకి కవరేజీ ఎంత తక్కువో పాలసీ తీసి చదువుకోండి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగుడు, మామూలుగా లేని చెమట వస్తే గ్యాస్ అనుకోకుండా 911కి ఫోన్ చేయాలని ఆయనకి, అమ్మగారికి ఇప్పుడే చెప్పి పెట్టండి.

—

ఎరీ_ఒడ్డు

చెల్లెమ్మా, మీరు చెప్పినదానికి ఎదురు చెప్పను, కానీ ఒక మాట. మా నాన్నగారు 71వ ఏట ఇక్కడికి వచ్చి నా మెషీన్‌తో వారానికి రెండుసార్లు డ్రైవ్‌వే తీసేవారు. ఊళ్లో పొలం చేసిన మనిషి. నాలుగు గోడల మధ్య టీవీ ముందు కూర్చోబెడితే ఆయన కుంగిపోయేవారు. చక్రాలు వాటంతటవే నడిచే మెషీన్ వెనకాల నెమ్మదిగా నడవడం ఆయనకి సంతోషంగా ఉండేది. అందరు పెద్దవాళ్లకీ ఒకే నియమం పెట్టడం నాకు కష్టంగా ఉంది.

—

తెల్లకోటు

మీ నాన్నగారికి బీపీ లేదేమో, డాక్టరు చూసి సరేనన్నారేమో. ఏటిగట్టు గారి నాన్నగారు ఆయాసపడి కూర్చున్నారు. ఆ ఆయాసం ఒక హెచ్చరిక. ముందు డాక్టరుకి చూపించాలి, మిగతా మాటలు తర్వాత. ఆయనకి పని ఇవ్వాలన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటాను. నవంబరులో డ్రైవ్‌వే అంచుల వెంట నారింజ రంగు కర్రలు పాతడం, మంచు పడేముందు సాయంత్రం డ్రైవ్‌వే మీద ఉన్నవన్నీ ఏరడం ఆయనకి అప్పగించండి. గుమ్మం ముందరి పట్టా, పిల్లాడి బొమ్మలు, ప్లాస్టిక్ సంచిలో విసిరేసి పోయిన పేపరు, ఇవన్నీ మంచు కింద కనబడవు.

—

ఎరీ_ఒడ్డు

పేపరు మాట నిజం. మంచులో గడ్డకట్టిన పేపరు కట్ట ఆగర్‌కి రాయి కన్నా ఘోరం. పోయినేడు నాకు రెండు షియర్ పిన్నులు తెగాయి. దేనికైనా తట్టుకుంటే గేరుబాక్సు పగలకుండా తామే తెగిపోవడం ఆ పిన్నుల పని. ఇనుప కొట్లో దొరికే మామూలు బోల్టు బలంగా ఉందని పెట్టకండి, అది తెగదు, గేరుబాక్సు పోతుంది. మీ మోడల్ పిన్నులే నాలుగు కొని గరాజ్‌లో ఉంచుకోండి.

నడిపే పద్ధతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే పుస్తకంలో సగమే ఉంటుంది. ఎంత వెడల్పున్నా డ్రైవ్‌వే మధ్యలోంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ విసురుకుంటూ బయటికి రండి. ఒక అంచు నుంచి మొదలుపెడితే అదే మంచుని రెండుసార్లు ఎత్తుతారు. గాలి ఎటు వీస్తే అటే విసరండి, ఎదురు విసిరితే అంతా మీ ముఖం మీదికే. ఇంజన్ వేగం ఎప్పుడూ పూర్తిగా పెట్టి, చక్రాల వేగం మాత్రం తగ్గించండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అప్పుడే చ్యూట్ మూసుకుంటుంది. తడి మంచులో మెషీన్ పూర్తి వెడల్పు నింపకుండా సగం సగం కొరకండి. మొదలుపెట్టేముందు చ్యూట్ లోపల వంటనూనె స్ప్రే కొడితే ముద్ద అంటుకోదు. పద్నాలుగు అంగుళాలు పడేదాకా చూడకుండా ఆరు అంగుళాలకి ఒకసారి, ఆగాక ఇంకోసారి తీయండి. రోడ్డు గట్టుని మాత్రం ప్లౌ ట్రక్ పోయిన అరగంటలోపే కొట్టండి.

ఇంకొకటి, ఇది ప్రాణాలకి సంబంధించింది. మీ ఇంటి పక్క గోడకి నేలకి అడుగో రెండడుగులో ఎత్తులో తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు బయటికొచ్చి ఉన్నాయేమో చూడండి. అవి ఇల్లు వేడి చేసే ఫర్నేస్ గాలి పీల్చి, పొగ వదిలే గొట్టాలు. మెషీన్‌తో ఆ పక్కకి మంచు విసిరితే అవి పూడుకుపోతాయి. ఫర్నేస్ ఆగిపోవచ్చు, పొగ ఇంట్లోకి తన్నవచ్చు. గ్యాస్ మీటరు మీదికీ విసరకూడదు.

—

మూడో_గేరు

పొగ మాట వచ్చింది కాబట్టి నా అభ్యంతరం మళ్లీ చెబుతాను. రోడ్డు గట్టు విషయంలో మీరు గెలిచారు అన్నా, బఫెలోలో అది ఇనుప ఆగర్ పనే. కానీ పెట్రోల్ మెషీన్‌ని చలికి భయపడి గరాజ్ లోపలే స్టార్ట్ చేసి రెండు నిమిషాలు వేడి చేసేవాళ్లు మన వాళ్లలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. తలుపు తెరిచే ఉంచాం కదా అంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. గరాజ్ పైన పడకగది ఉన్న ఇళ్లు మనవి. ఏటిగట్టు గారూ, మీ పిల్లాడి గది ఎక్కడుంది?

—

ఏటిగట్టు

సరిగ్గా గరాజ్ పైనే.

—

మూడో_గేరు

అయితే పెట్రోల్‌ది కొన్నా, దాన్ని బయటికి తోసి డ్రైవ్‌వే మీదే స్టార్ట్ చేయండి. పైన గదిలో, కింద ఫర్నేస్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. పెట్రోల్ పోయడం కూడా బయటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. మధ్యలో ట్యాంకు ఖాళీ అయితే వేడి ఇంజన్ మీద పోయకుండా పది నిమిషాలు ఆగి టీ తాగి రండి.

—

ఆదివారం_పెసరట్టు

ఇన్ని జాగ్రత్తలు చదివాక నా మాట ఇంకా బలపడింది. కాంట్రాక్టు ఇవ్వండమ్మా.

—

ఏటిగట్టు

అన్నయ్యా, నిన్న ముగ్గురు కాంట్రాక్టర్లకి ఫోన్ చేశాను. ఇద్దరు ఈ సీజన్‌కి కొత్తవాళ్లని తీసుకోవడం లేదు, అక్టోబరులోనే జాబితా నిండిందట. మూడో ఆయన ఏ టైముకి వస్తాడో మాట ఇవ్వలేనన్నాడు, కొన్ని రోజులు పదింటికి కూడా కావచ్చట. ఏడున్నరకి బయల్దేరే ఇంటికి పదింటి ప్లౌ దేనికి? నేను ఆలస్యం చేసిన ప్రతి పొద్దునా నాన్న మళ్లీ పార వెతుక్కుంటారు. ఆ పారని కారు డిక్కీలో దాచాను.

—

పల్నాటి_మిరప

పార దాచారు, బాగుంది. కొనేటప్పుడు షాపులో మెషీన్‌ని చేత్తో పట్టుకుని చూడండి. ఒక లివర్ చక్రాలది, రెండోది ఆగర్‌ది. చేయి వదలగానే రెండూ ఆగిపోవాలి. ఆ లివర్‌ని తాడుతో కట్టేసి నడిపేవాళ్లని చూశాను, ఎవరు సలహా ఇచ్చినా అలా చేయకండి. చున్నీ, పొడుగు మఫ్లర్ వద్దు, మెడకి బిగుతుగా ఉండే ఉన్ని టోపీ పెట్టుకోండి. బూట్లకి పట్టు ఉండాలి. జారి పడేది ఎక్కువగా వెనక్కి నడిచేటప్పుడే. మంచుని రోడ్డు మీదికి మాత్రం విసరకండి, మా మినెసోటాలో అది చట్టవిరుద్ధం, మీ టౌన్‌లోనూ నియమం ఉండే ఉంటుంది, ఒకసారి చూసుకోండి. ఇంటి ముందు ఫైర్ హైడ్రంట్ ఉంటే దాని చుట్టూ మూడడుగులు తీసి ఉంచండి.

—

ఏటిగట్టు

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. 24 అంగుళాల టూ స్టేజ్ పెట్రోల్‌ది కొన్నాం, ప్లగ్గులో పెట్టి బటన్‌తో స్టార్ట్ చేసేది. తాడు లాగే పని లేదు. స్టార్టవగానే తీగ తీసి గోడకి తగిలిస్తున్నాను. మా ఆయన ఊళ్లో ఉన్న శనివారం, మంచు లేనప్పుడే డ్రైవ్‌వే మీద గంటసేపు మలుపులు తిప్పి నేర్చుకున్నాను. అలారాలు రెండూ పెట్టాం. ఫర్నేస్ గొట్టాలు గోడకి ఎడమ పక్కన ఉన్నాయి, అందుకని కుడివైపే విసురుతున్నాను.

నాన్నని డాక్టరుకి చూపించాం. బీపీ మాత్ర మార్చారు, పార ముట్టుకోవద్దని డాక్టరే చెప్పారు. నా మాట కన్నా ఆయన మాట బాగా పనిచేసింది. నారింజ కర్రలు నాన్నే కొలిచి పాతారు, తొమ్మిది అటు, తొమ్మిది ఇటు. సాయంత్రం టార్చి పట్టుకుని డ్రైవ్‌వే అంతా చూసి పేపర్లు ఏరుకొస్తారు.

నిన్న పొద్దున 8 అంగుళాలు. మొత్తం 35 నిమిషాలు పట్టింది. రోడ్డు గట్టు దగ్గర చ్యూట్ మూసుకుంది. అప్పటికే ఏడు దాటింది, లోపల బాబు ఏడుస్తున్నాడు, నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. పల్నాటి అన్నయ్య గుర్తొచ్చారు. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, పది లెక్కపెట్టి కట్టెతో పొడిచాను. గడ్డ ఊడింది. అన్నయ్యా, ఇంపెల్లర్ నిజంగానే కదిలింది. కొంచెమే, కానీ నా కళ్లతో చూశాను.

—

పల్నాటి_మిరప

మీ చెయ్యి చల్లగా ఉండాలి తల్లీ. ఆ కట్టె ఎప్పుడూ మెషీన్ మీదే బిగించి ఉంచండి, గరాజ్ గోడకి పెట్టకండి. గోడ దాకా నడిచి వెళ్లి తెచ్చుకునే ఓపిక ఆ టైములో ఎవరికీ ఉండదు.